తొమ్మిది నిమిషాలకో గుక్క

ఇజ్రాయెల్‌కు కేర్‌గివర్ పనికి రావాలనుకునే మన నిజామాబాద్, జగిత్యాల, నిర్మల్ వైపు పిల్లలు ఫోన్ చేస్తే మొదట జీతం గురించి అడుగుతారు, ఆ వెంటనే భాష గురించి. "అన్నా, హీబ్రూ రాకపోతే నడుస్తదా?" నడుస్తుంది. నాకు దాదాపు మూడేళ్ళు నడిచింది. హైఫాలో నేను చూసుకున్న మొదటి పెద్దాయనకు ఇంగ్లిష్ వచ్చు. మందులు, స్నానం, డాక్టరు దగ్గరికి పోవడం, వీటికి కావలసినంత హీబ్రూ వినీ వినీ అదే వచ్చేసింది. చదవడం మాత్రం ఒక్క అక్షరం రాదు.

ఆయన కాలం చేశాక 2025 మార్చిలో రమత్‌గన్‌లో ఇంకో ఇంట్లో చేరాను. అక్కడ ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా హీబ్రూ చదవడం నేర్చుకున్నాను. దాంతో పాటు నేను అడగనిది ఇంకొకటి కూడా నా మీద పడింది. మనిషి తన లెక్క తాను చూసుకోవడానికి ఇక్కడి యూదులు క్యాలెండర్‌లో తేదీలు పెట్టుకున్నారు. మనసు పుట్టినప్పుడు చూద్దాంలే అంటే కుదరదు. ఆ తేదీలు నన్ను కూడా వదల్లేదు. ఎలా జరిగిందో వరుసగా రాస్తాను.

ఇంటి పెద్దాయన్ని సబా అంటాను. తాతను ఇక్కడ అలాగే పిలుస్తారు. ఆయన నన్ను "ఐనీ" అంటారు, బాగ్దాద్ అరబ్బీలో ముద్దుగా పిలిచే మాట. వయసు 88. షుగర్, బీపీ ఉన్నాయి, మోకాళ్ళు పనిచేయవు, చక్రాల కుర్చీ. పుట్టింది బాగ్దాద్‌లో. ఇరాక్ యూదులను విమానాలెక్కించి తెచ్చిన రోజుల్లో, 1951లో, అమ్మానాన్నలతో ఇక్కడ దిగారు. కొద్ది కాలంలోనే లక్ష మందికి పైగా రావడంతో ఇళ్ళు చాలక డేరాల్లో పెట్టారు. ప్రార్థనల హీబ్రూ ఆయనకు చిన్నప్పటి నుంచీ వచ్చు కానీ మాట్లాడే హీబ్రూ ఆ డేరాల బడిలో నేర్చుకున్నదే. అందుకే నా భాష తప్పులకు విసుక్కోరు. వేరే వాటికి విసుక్కుంటారు, అది తర్వాత చెప్తాను.

మొదటి వారాల్లో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది పెరుగు. వంటింట్లో రెండు సింకులు, రెండు జతల గిన్నెలు, రెండు స్పాంజీలు. ఒకటి మాంసానికి, ఒకటి పాలకు. కోడికూర తిన్నాక ఆరు గంటలు గడిస్తే గానీ ఆ ఇంట్లో పెరుగు ముట్టరు. చివర్లో పెరుగన్నం పడకపోతే అన్నం తిన్నట్టే ఉండదు నాకు. పగలు కూర, రాత్రి పెరుగు అని మెల్లగా అలవాటు చేసుకున్నాను. మా అమ్మ కట్టిచ్చిన ఆవకాయ సీసా మీద కోషెర్ ముద్ర, అంటే వాళ్ళ తిండి నియమాలకు సరిపోయిందన్న గుర్తు, లేదు కాబట్టి వంటింట్లోకి వద్దన్నారు సబా వాళ్ళ పెద్దమ్మాయి. అది నా గదిలో, నా అలమరలో ఉంటుంది. అక్కడే కాగితం పళ్ళెంలో తింటాను. ఇది తెలిసి సబా తన ఫ్రిజ్ లోంచి అంబా సీసా తీయించి నా ముందు పెట్టించారు. మామిడికాయ ఊరగాయే. బాగ్దాద్ యూదు వ్యాపారులు మన దేశం నుంచి తీసుకెళ్ళిన రుచి అని చెప్తారు. మెంతి వాసన ఉంది, పసుపు ఉంది. కారం మాత్రం పేరుకే.

వీళ్ళ వారపు విశ్రాంతి రోజు శబ్బాత్ సంగతి కూడా ఎవరూ ముందు చెప్పరు. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటి పడేదాకా ఆయన స్విచ్ ముట్టరు. నన్ను వేయమని కూడా అడగరు, ఆరోగ్యానికి సంబంధించినదైతే తప్ప. "ఈ గది చీకటిగా ఉంది" అంటారు, అంతే. మొదటిసారి నేను "అవును సబా, చీకటిగానే ఉంది" అని పక్కన కూర్చున్నాను. పాపం, ఇంకోసారి అన్నారు. పని మనం అర్థం చేసుకుని చేయాలి.

ఏప్రిల్ 12 సాయంత్రం పెసహ్ పండగ. బైబిల్ చదివినవాళ్ళకు పస్కా అంటే తెలుస్తుంది. ఆ వారం పొంగే పిండి ఏదీ ఇంట్లో ఉండకూడదు. పోలండ్, రష్యా వైపు నుంచి వచ్చిన కుటుంబాల వాళ్ళయితే బియ్యం కూడా ముట్టరు. హైఫాలో ఆ వారాలన్నీ బంగాళాదుంపలతో నెట్టుకొచ్చాను. ఇరాక్ వాళ్ళు అన్నం తింటారు, నా అదృష్టం. కాకపోతే ఒక్క గోధుమ గింజ కూడా కలిసి ఉండకూడదని బియ్యాన్ని మూడుసార్లు ఏరాలి. బల్ల మీద తెల్లగుడ్డ పరిచి బియ్యం పోశాం. నేను ఏరింది ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని మళ్ళీ ఏరుతున్నారు. ఏరుతూ ఏరుతూ ప్యాకెట్ మీది అక్షరాలు చూపించి చదవమన్నారు. రాదన్నాను. "మూడేళ్ళ నుంచీ ఉన్నావు, రాదా?" అన్నారు.

అరచేత్తో బియ్యాన్ని చదును చేసి, వణికే చూపుడు వేలితో అలెఫ్ గీశారు. ఏటవాలుగా ఒక గీత, పైన ఒక కొమ్మ, కింద ఒక కొమ్మ. మా ఊరికి దగ్గర్లో బాసర ఉంది. నా అక్షరాభ్యాసం అక్కడే జరిగింది, బియ్యంలోనే. ఆ మాట చెప్పేంత హీబ్రూ నా దగ్గర లేదు. ఫోన్‌లో వెతికి పలకలూ బియ్యమూ ముందు పెట్టుకుని తల్లుల ఒళ్ళో కూర్చున్న పిల్లల ఫోటో చూపించాను. ఆయన ఫోన్ కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూశారు. తర్వాత నా వేలు పట్టుకుని తను గీసిన దాని మీదే దిద్దించారు. ఆ రోజు అలెఫ్, బెత్, గీమెల్ దాకా వచ్చాం. అక్షరం దిద్దినప్పుడల్లా ఏరిన బియ్యం, ఏరనివి కలిసిపోయాయి. మళ్ళీ మొదటి నుంచి ఏరాం.

22 అక్షరాలే. అందులో ఐదింటికి మాట చివర్లో రూపం మారుతుంది. మన 56 నేర్చినవాడికి ఇదొక పనా అనుకున్నాను. అసలు తిప్పలు తర్వాత మొదలయ్యాయి. పేపర్లో, బోర్డుల మీద గుణింతాలు ఉండవు, హల్లులే ఉంటాయి. మాట ముందే తెలిస్తేనే చదవగలం. ప్రార్థన పుస్తకాల్లోనూ పిల్లల పుస్తకాల్లోనూ మాత్రం చుక్కలు, గీతలు పెట్టి అచ్చులు చూపిస్తారు, కాబట్టి కొత్తవాళ్ళం వాటితోనే మొదలుపెట్టాలి. రెండోది, అచ్చు అక్షరాలు వేరు, చేతిరాత వేరు. నెల రోజులు కష్టపడి అచ్చు నేర్చుకుని, పెద్దమ్మాయి ఫ్రిజ్ మీద అంటించిన మందుల చీటీ చూస్తే ఒక్క అక్షరమూ గుర్తుపట్టలేదు. ఇది ఎవరూ చెప్పని విషయం, రాసి పెట్టుకోండి. మూడోది, నేను హీబ్రూ మాట్లాడటం ఎక్కువగా ఫిలిప్పీన్స్ ఆడవాళ్ళ దగ్గర, పార్కులో విని నేర్చుకున్నాను. ఇక్కడ "నాకు కావాలి" అనే మాట కూడా మగవాడికి ఒకలా, ఆడమనిషికి ఒకలా ఉంటుంది. మూడేళ్ళు సగం మాటలు ఆడమనిషిలా మాట్లాడానని రమత్‌గన్‌లో తెలిసింది. హైఫా పెద్దాయన ఒక్కసారి కూడా దిద్దలేదు, మర్యాద కొద్దీ కాబోలు.

ఖర్చు గురించి అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. ఒకటో తరగతి పిల్లల కాపీ పుస్తకం, పెన్సిళ్ళు, రబ్బరు అన్నీ కలిపి యాభై షెకెల్ల లోపే అయ్యాయి. 2025లో షెకెల్ అంటే మన డబ్బులో సుమారు 25 రూపాయలు. వలస వచ్చిన యూదులకు ఉల్పాన్ అనే భాషా బడుల్లో ప్రభుత్వం ఉచితంగా నేర్పుతుంది. మనలాంటి వాళ్ళం డబ్బు కట్టి చేరాలి. సాయంత్రం క్లాసుల ఫీజు కనుక్కుని ఊరుకున్నాను. అది ఇంటికి పంపే డబ్బులోంచి తీయాలి, పైగా ఆ వేళకు సబాను ఎవరు చూస్తారు?

పెసహ్ అయ్యాక షావుఓత్ పండగ దాకా ఆరు శనివారాలు వస్తాయి. ఆ ఆరు వారాలూ పిర్కే అవోత్ అనే ఆరు అధ్యాయాల చిన్న పుస్తకం వారానికొకటి చొప్పున చదువుకోవడం వీళ్ళ ఆనవాయితీ. అందులో మొదటి ఐదు అధ్యాయాలు దాదాపు 1800 ఏళ్ళ కింద కూర్చిన మిష్నా అనే యూదు ధర్మశాస్త్రంలో ఒక భాగం. మహిమలు, కథలు ఏమీ ఉండవు. గురువులు చెప్పిన మాటలే. ఏప్రిల్ 26న మొదలుపెట్టాం. టెల్ అవీవ్ పాత బస్టాండ్ దగ్గర మనవాళ్ళు కలిసేది శనివారమే, నేను సెలవు ఆదివారానికి మార్చుకున్నానంటే "నువ్వు కూడా పూజారివైతున్నవా?" అని నవ్వారు. శనివారం రాయకూడదు కాబట్టి పెన్సిల్ ఉండదు. ఆయన చదువుతుంటే నేను వేలితో అక్షరాల వెంట నడవాలి. తర్వాత నేను చదవాలి, అర్థం తేలిక హీబ్రూలో ఆయన చెప్తారు.

నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం వేసింది ఎదురు ప్రశ్న వేస్తే ఆయన సంబరపడటం. మా ఇంట్లో పెద్దవాళ్ళు మంచిమాట చెప్తే తలూపి వింటాం. ఇక్కడ తలూపితే "అంతేనా? ఏమీ లేదా?" అంటారు. నాలుగో అధ్యాయం మొదట్లో బెన్ జోమా అనే ఆయన ధనవంతుడెవరని అడిగి, తనకున్న దానితో సంతోషించేవాడని జవాబు చెప్తాడు. నేను ఊరుకోలేదు. ఇక్కడికి రావడానికి ఏజెంట్‌కు కట్టిన లక్షలు తీర్చడానికే నాకు రెండేళ్ళు పట్టింది. "ఇది అప్పు లేనివాడు చెప్పే మాట సబా" అన్నాను. ఆయన పగలబడి నవ్వి, "బెన్ జోమాకు అప్పు ఉందో లేదో ఇందులో రాయలేదు" అన్నారు. ఆ వారమంతా ఫోన్‌లో కూతుళ్ళకు ఇదే చెప్పారు, మా ఐనీ బెన్ జోమాతో గొడవ పెట్టుకున్నాడని.

అదే పుస్తకంలో హిల్లెల్ అనే గురువు మాట ఒకటి మాత్రం ఎదురు చెప్పలేక ఒప్పుకున్నాను. తీరిక దొరికాక చదువుకుంటానని అనకు, నీకు తీరిక దొరక్కపోవచ్చు అంటాడు. కేర్‌గివర్‌కు తీరిక దొరకడమనేది ఉండదు. మే 24న, ఐదో అధ్యాయం చివర్లో, మనిషి ఏ వయసుకు దేనికి పనికొస్తాడో వరుసగా చెప్పే చోట, ఎనభైకి బలం, తొంభైకి నడుం వంగడం అని ఉంటుంది. "ఇంకా రెండేళ్ళు నాకు బలమే" అని చెయ్యి పిడికిలి బిగించి చూపించారు.

జూన్ 13 తెల్లవారుజామున సైరన్లు మోగాయి. ఇరాన్‌తో యుద్ధం. 12 రోజులు. మా బిల్డింగ్ పాతది, ఫ్లాట్‌లో సురక్షిత గది లేదు, కిందికి దిగాలి. ఎదురింటి కుర్రాడూ నేనూ సబాను కుర్చీతో సహా ఎత్తుకుని మెట్లు దిగేవాళ్ళం. రమత్‌గన్‌లోనే ఇళ్ళ మీద క్షిపణులు పడ్డాయి. ఆ చప్పుడు గురించి రాయలేను. అమ్మ ఫోన్ చేసి "ఉన్నఫళంగ వచ్చెయ్ బిడ్డా" అని ఏడ్చేది. విమానాశ్రయం మూసేశారు, ఎక్కడికి రాను? షెల్టర్‌లో సబా కీర్తనల పుస్తకం తెరిచి 121వ కీర్తన నా చేత చదివించారు. ఎనిమిదే వచనాలు. అర్థం పూర్తిగా తెలియకుండా, చేతులు వణుకుతూ, తడబడకుండా చదివిన మొదటి పేజీ అదే. చుట్టూ ఉన్నవాళ్ళు ఆమెన్ అన్నారు. నాకు ఆ పూట టెన్షన్ తగ్గలేదు కానీ, చేయడానికి ఒక పని దొరికింది.

జూలై మొదట్లో ఇంట్లో రెండు వందల షెకెల్ల నోటు ఒకటి కనబడలేదు. సబా రోజంతా వెతికారు. సాయంత్రం పెద్దమ్మాయి వచ్చాక, నేను వంటింట్లో ఉండగా, వినబడేటట్టే అన్నారు, ఇంట్లో మేమిద్దరమే కదా ఉండేది అని. మూడు నెలల కిందటి హీబ్రూ అయితే నాకు అర్థమయ్యేది కాదు. బయటికొచ్చి "నేను తీయలేదు" అన్నాను. ఆయన ముఖం తిప్పుకున్నారు. అమ్మాయి "నాన్న పెద్దవాడు, పట్టించుకోకు" అంది. ఆ రాత్రి అన్నం తినలేదు. ఊళ్ళో మా బాపు పేరు చెప్తే కిరాణా కొట్టువాడు చీటీ రాయకుండా సరుకులిచ్చేవాడు. పని మానేద్దామనుకున్నాను. కానీ మనకున్నది మొత్తం 63 నెలల వీసా గడువు, దాన్ని కొత్త ఇల్లు వెతుక్కోవడంలో ఖర్చు పెట్టుకోవాలా అని ఆగాను. పని చేశాను. పాఠం మాత్రం మానేశాను. ఆయనా అడగలేదు.

ఆగస్టు మధ్యలో పండగల ముందు బట్టలు డ్రైక్లీనింగ్‌కు వేయడానికి తీస్తే, చలికాలం కోటు లోపలి జేబులో ఆ నోటు దొరికింది. తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టాను. "మంచిది" అన్నారు. ఇంకేమీ అనలేదు. నాకు జూలై కంటే ఆ "మంచిది" ఎక్కువ మండింది.

ఆగస్టు 26 నుంచి సెలీఖోత్. ఎలూల్ నెల అంతా, యోమ్ కిప్పూర్ అనే పెద్ద ఉపవాసం రోజు దాకా, శనివారాలు తప్ప తెల్లారకముందే వీళ్ళ ప్రార్థనా మందిరం సినగాగ్‌కు వెళ్ళి మన్నింపు కోరే ప్రార్థనలు చేయడం బాగ్దాద్ వాళ్ళ పద్ధతి. యూరప్ వైపు వాళ్ళకు ఇంత లేదు, కొద్ది రోజులే. నాకు ఇది భక్తి విషయం కాదు, నాలుగున్నరకు లేచే విషయం. ఆయన్ని లేపి, షుగర్ చూసి, బట్టలు వేసి, ఆ ఉక్కలో కుర్చీ తోసుకుంటూ వెళ్ళాలి. తలుపు దగ్గర నాకూ ఒక టోపీ ఇచ్చారు, వెనక బల్ల మీద కూర్చోమన్నారు, చేతిలో పుస్తకం పెట్టారు.

ఒక పాటలో ప్రతి పాదం అక్షరమాల వరుసలో మొదలవుతుంది. అలెఫ్‌తో ఒకటి, బెత్‌తో ఒకటి, అలా చివరి దాకా. ఎక్కడున్నామో తప్పిపోయినా ముందు అక్షరం పట్టుకుంటే మళ్ళీ దొరుకుతుంది. నాలాంటి వాడికి అంతకన్నా ఏం కావాలి. తప్పులు ఒప్పుకునే ప్రార్థన కూడా అక్షరమాల వరుసే. ఒక్కో మాటకూ పిడికిలితో గుండె మీద మెల్లగా తట్టుకుంటారు. అందులో "నేను" లేదు, అంతా "మేము". మేము దోచుకున్నాం, మేము అబద్ధమాడాం. దొంగతనం ఎరగనివాడు కూడా అందరితో కలిసి ఆ మాట అంటాడు. నాలుగో అక్షరం దాలెత్ దగ్గర వచ్చేది, మేము చాడీలు చెప్పాం అని. నాకు అప్పటికి అది చదవడమూ వచ్చు, అర్థమూ తెలుసు. రోజూ ఆ మాట దగ్గర సబా వీపు వైపు చూసేవాణ్ణి. ఆయన పిడికిలి లేచేది, దిగేది. ఇది ఈయనకు తగులుతోందా లేదా అని నాకు అనుమానం. నెలంతా నేను ప్రార్థనకు పోయి చేసింది ఆయన లెక్క చూడటమే.

సెప్టెంబర్ 21న మన దగ్గర ఎంగిలిపూల బతుకమ్మ, 22 సాయంత్రం వీళ్ళ కొత్త సంవత్సరం రోష్ హషనా. ఒకే అమావాస్య. వాళ్ళదీ చాంద్రమానమే, వాళ్ళకూ అధికమాసం ఉంది, 19 ఏళ్ళలో ఏడుసార్లు వేస్తారు. అలా లెక్క కుదిరి 2025లో యోమ్ కిప్పూర్ అక్టోబర్ 2న పడింది, మన దసరా రోజున. రోష్ హషనా రాత్రి బల్ల మీద అలసందలు, సొరకాయ, ఖర్జూరం, దానిమ్మ పెట్టి ఒక్కోదానికి ఒక్కో దీవెన చదువుతారు. సొరకాయ తరిగింది నేనే. అప్పటికి మామూలు మాటలు మళ్ళీ మొదలయ్యాయి, పాఠం మాత్రం లేదు.

యోమ్ కిప్పూర్‌కు 25 గంటల ఉపవాసం, మంచినీళ్ళు కూడా ముట్టరు. సబా ఉంటానని పట్టు. డాక్టరు కుదరదన్నాడు. ఆయన డాక్టరు మాట వినలేదు. చివరికి పెద్దమ్మాయి మత గురువు రబ్బీకి ఫోన్ కలిపింది. ప్రాణానికి ప్రమాదమైతే తినడమే ధర్మం, పస్తుండటం తప్పు అన్నాడాయన. అయితే ఒక దారి ఉంది, గుక్కగా తాగకుండా, 40 మిల్లీలీటర్లకు తక్కువ, ఒక్కోసారికి మధ్య తొమ్మిది నిమిషాలు ఆగి తాగితే మామూలుగా తిని తాగినట్టు లెక్క కాదు. తిండి కూడా అలాగే, చిన్న చిన్న ముక్కలు. సబా ఫోన్ పెట్టేసి ఏడ్చారు. 88 ఏళ్ళ మనిషి, అన్నం తినమన్నందుకు ఏడవటం నేను మొదటిసారి చూశాను.

అక్టోబర్ 1 మధ్యాహ్నం, ఉపవాసం ముందు తినే భోజనానికి పెద్దమ్మాయి వచ్చింది. సబా ఆమెను కూర్చోమని నన్ను పిలిచారు. "ఐనీ, ఆ డబ్బు విషయంలో నీ మీద మాట వేశాను. ఈమె ముందు వేశాను, ఈమె ముందే అడుగుతున్నాను. నన్ను మన్నించు."

మా దగ్గర తాత వయసువాళ్ళు మనల్ని ఇలా అడగరు. అడిగితే మనకు ఆయుక్షీణం అంటారు. నా నోట్లోంచి ఠక్కున వచ్చింది, "అయ్యో, ఫర్వాలేదు సబా." ఆయన తల అడ్డంగా ఊపారు. "ఫర్వాలేదు అనకు. ఉంది. మన్నించావా, లేదా?" నేను గిన్నెలు తీసుకుని సింకు దగ్గరికి వెళ్ళిపోయాను. పెద్దమ్మాయి వెనకే వచ్చి చెప్పింది. దేవుడి పట్ల చేసిన తప్పులే ఈ రోజుతో పోతాయట. మనిషి పట్ల చేసినవి, ఆ మనిషిని ఒప్పించేదాకా పోవు. మిష్నాలోనే ఉందట. ఒప్పుకోకపోతే మూడుసార్ల దాకా అడగాలి. అడిగించుకునేవాడు రాయిలా ఉండకూడదని కూడా ఉందంది, కొంచెం నవ్వుతూ.

నాలుగున్నరకు ఆయన మళ్ళీ అడిగారు. ఈసారి చెప్పాను. "అనుమానించినందుకు కాదు సబా. డబ్బు పోతే ఎవరైనా అనుమానిస్తారు. దొరికిన రోజు మీరు మాట్లాడలేదు." ఆయన చాలాసేపు ఊరుకుని, "సిగ్గేసింది" అన్నారు. "అప్పుడే అడగొచ్చు కదా?" అన్నాను. "అడగాల్సింది. ఈ తేదీ లేకపోతే ఇప్పుడు కూడా అడిగేవాణ్ణి కాదేమో." ఆ మాట నిజాయితీగా అనిపించింది నాకు. మన్నించాను అని చెప్పాను, ఆయన నేర్పిన హీబ్రూలోనే. నోటితో అన్నాను, మనసుకు ఇంకా టైం పడుతుందని అప్పుడే తెలుసు.

మర్నాడు దసరా. పొద్దున సినగాగ్‌కు వెళ్ళి పదకొండుకల్లా ఇంటికి తీసుకొచ్చాను, కూర్చోలేకపోయారు. గీతలున్న మందు కప్పు, నా చేతి గడియారం, నీళ్ళ సీసా బల్ల మీద పెట్టుకున్నాను. ముప్పై గీత దాకా పోయడం, ఇవ్వడం, గడియారం చూడటం. తొమ్మిది నిమిషాలంటే దేనికీ చాలదు, ఊరికే కూర్చుంటే మాత్రం తెగదు. మొదట్లో కప్పు దగ్గరికి తెస్తే ముఖం తిప్పుకున్నారు. "రబ్బీ చెప్పింది సబా" అంటే తాగారు. కప్పు తిరిగిచ్చేటప్పుడు ప్రతిసారీ "తోదా" అని థ్యాంక్స్ చెప్పేవారు. ఇరవయ్యో కప్పు దగ్గరో ఎక్కడో నాకు కోపం ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. పోయిందనను. కానీ అంతసేపు ఒక మనిషికి నీళ్ళు కొలిచి పోస్తూ పగ పట్టుకుని కూర్చోవడం కూడా కష్టమే.

మధ్యలో "నువ్వు తిన్నావా?" అని అడిగారు. లేదన్నాను. "నీకు ఈ ఉపవాసం లేదు, వెళ్ళి తిను" అని కసిరారు. గదిలోకి పోయి ఆవకాయతో పెరుగన్నం తిన్నాను, గడియారం ముందు పెట్టుకుని. కిటికీలోంచి చూస్తే రోడ్డు మీద ఒక్క బండి లేదు, పిల్లలు నడిరోడ్డున సైకిళ్ళు తొక్కుతున్నారు. ఆ రోజు ఈ దేశం దాదాపు అంతా అంతే.

సాయంత్రం ప్రార్థనలో బైబిల్‌లోని యోనా గ్రంథం చదువుతారు. ఆయన మళ్ళీ వెళ్ళే స్థితిలో లేరు, పుస్తకం నా ముందుకు తోశారు. జూలై తర్వాత అదే మొదటి పాఠం. నాలుగు అధ్యాయాలు, చుక్కలతో ఉన్న పెద్ద అక్షరాలు. రెండు కప్పుల మధ్య ఐదారు వచనాలు పడేవి. తప్పు చదివితే కళ్ళు మూసుకునే దిద్దేవారు. చేప మింగిన కథ నాకు తెలుసు కానీ చివరి అధ్యాయం తెలియదు. నీనెవె ఊరివాళ్ళు బాగుపడితే యోనాకే కోపం వస్తుంది, వీళ్ళను ఎందుకు క్షమించావని దేవుడితో పేచీకి దిగుతాడు. ఆపి, "ఇదేంటి సబా, ఈయన ప్రవక్త కదా?" అన్నాను. "అందుకే ఈ రోజు చదువుతారు" అన్నారు. ఎవరి కోసమన్నారో అడగలేదు.

ఏడు ప్రాంతంలో ఉపవాసం ముగిసింది. వీధి చివర సినగాగ్ నుంచి షోఫార్ అనే పొట్టేలు కొమ్ము ఊదడం వినబడింది. చక్కెర లేని టీ ఒక గ్లాసు నిండా ఇస్తే ఒక్క గుక్కలో తాగేసి ఇంకోటి అడిగారు. మన దగ్గర అప్పటికి తొమ్మిదిన్నర. ఇంటికి వీడియో కాల్ చేస్తే అందరూ జమ్మి చెట్టు దగ్గర్నుంచి వచ్చి కూర్చున్నారు. అమ్మ జమ్మి ఆకు కెమెరాకు చూపించి బంగారం అంది. జరిగింది అన్నకు చెప్పాను. మన దగ్గర దసరా నాడు జమ్మి చేతిలో పెట్టి, పడనివాళ్ళు కూడా అలాయ్ బలాయ్ తీసుకుంటారు కానీ, ఎందుకు పడలేదో ఎవరూ మాట్లాడరు. అన్న అదే అన్నాడు. "మనది నయంరా, చెప్పకుండనే అయిపోతది." ఏది నయమో నేను తేల్చుకోలేదు. చెప్పి అడిగించుకోవడం ఒళ్ళు చచ్చే పని, అది మాత్రం తెలుసు.

అక్టోబర్ 18న వీళ్ళ ధర్మగ్రంథం తోరా మళ్ళీ ఆదికాండం నుంచి మొదలైంది, వారానికి ఒక భాగం. మేమూ మొదలుపెట్టాం. నేను అప్పుడే వెనకబడ్డాను, నోవహు ఓడ కొలతల దగ్గర ఉన్నాను. అంకెలు కూడా ఆడా మగా తేడాతో ఉంటాయి ఈ భాషలో, ఆ గొడవ ఇంకోసారి రాస్తాను. కొత్తగా వచ్చేవాళ్ళు ఒకటో తరగతి కాపీ పుస్తకం కొనేటప్పుడు చేతిరాత కూడా ఉన్నది చూసి కొనండి. వచ్చే వారం సబాకు మోకాలి డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ ఉంది, ఫారం నన్నే నింపమన్నారు.